దత్తత పాపకి వీసా మెడికల్: టీబీ టెస్ట్ గురించి టెన్షన్‌గా ఉంది

డల్లాస్_అమ్మ:
నమస్తే అండి. మేమిద్దరం అమెరికా పౌరులం. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా కోస్తాలోని ఒక శిశుగృహ నుంచి నాలుగేళ్ల పాపని దత్తత తీసుకుంటున్నాం. కలెక్టర్ గారి ఆర్డర్ వచ్చింది, పాస్‌పోర్ట్ రావాలి. దత్తత పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసాకి ముందు మెడికల్ చేయించాలన్నారు. పాపకి టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేశారు, భుజం మీద మచ్చ కూడా ఉంది. దానివల్ల టీబీ టెస్ట్ పాజిటివ్ వస్తే వీసా ఆగిపోతుందా? టీకాల కార్డులో చికెన్‌పాక్స్ లేదు, ఇండియాలోనే వేయించాలా? గుంటూరులో మాకు బాగా తెలిసిన పిల్లల డాక్టర్ ఉన్నారు, ఆయన దగ్గర చేయిస్తే చెల్లుతుందా? పాపకి మేమింకా కొత్త. ఇంతలోనే సూది అంటే నాకే గుండె దడగా ఉంది.

గోదారి_పిల్ల:
ముందుగా శుభాకాంక్షలండి. మీ డాక్టర్ గారు ఎంత మంచివారైనా ఈ మెడికల్‌కి పనికిరారు. ఎంబసీ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టర్లే చేయాలి. ఇంటర్వ్యూ ఎలాగూ ఢిల్లీలోనే కాబట్టి మేం అక్కడే చేయించాం. పాస్‌పోర్ట్, ఫొటోలు, టీకాల కార్డు, దత్తత ఆర్డర్ కాపీ దగ్గర పెట్టుకోండి.

టీకాల గురించి బెంగ వద్దు. మన ప్రభుత్వ టీకాల్లో చికెన్‌పాక్స్ లేదు కాబట్టి శిశుగృహ పిల్లల కార్డుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. దత్తత పిల్లలకి పదేళ్ల లోపైతే డీఎస్-1981 అనే అఫిడవిట్ ఉంది. అమెరికా చేరిన 30 రోజుల్లో టీకాలు వేయిస్తామని మీరు సంతకం పెడితే చాలు. మేం అదే చేశాం. ఊరు మారి, మనుషులు మారి, పిల్ల సరిగ్గా అన్నం కూడా తినని వారంలో వరసపెట్టి సూదులు ఎందుకండీ?

డాక్టర్ చూసేది ఎత్తు, బరువు, గొంతు, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట. బట్టలు తీయిస్తారు, పాపకి ముందే చెప్పి ఉంచండి. ఆస్పత్రిలో అందరిదీ హిందీ, మా పాపకి వచ్చింది తెలుగు ఒక్కటే. నర్సు ఎంత ముద్దుగా మాట్లాడినా దానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. రక్తం తీసే దగ్గర మమ్మల్ని బయట ఉండమన్నారు. కుదరదని గట్టిగా చెప్పి నేను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మీరూ అలాగే చెప్పండి, మొహమాటపడకండి.

ఇంకో మాట. నరం దొరక్క రెండో చెయ్యి కూడా చూశారు. పక్క గదిలో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. మాది మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి అలాగే చాపి ఉంచింది. చుక్క కన్నీరు లేదు. "ఎంత మంచి పిల్లో" అన్నట్టు అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఏడిస్తే వెంటనే ఎత్తుకునే మనిషి లేనిచోట పెరిగిన పిల్లలు కొందరు ఏడవడమే మానేస్తారు. మీ పాప ఏడవకపోతే ధైర్యవంతురాలని చప్పట్లు కొట్టకండి. "నొప్పిగా ఉంది కదమ్మా" అని మీరే పైకి అనండి, ఎత్తుకోండి. ఏడిస్తే మాత్రం ఏడవనివ్వండి, ఊరుకోమనకండి.

కరీంనగర్_బిడ్డ:
అక్కా, నేను ఇక్కడ అమెరికాలో టీబీ క్లినిక్‌లో నర్సుని. బీసీజీ భయం పెట్టుకోవద్దు. ఒకప్పుడు చర్మం మీద చేసే పరీక్షకి బీసీజీ వల్ల వాపు వచ్చేది. 2018 అక్టోబరు నుంచి 2-14 ఏళ్ల పిల్లలకి ఇగ్రా అనే రక్తపరీక్షే చేస్తున్నారు. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలేమీ లేకపోతే అది నిద్రాణంగా ఉన్న టీబీ, ప్రయాణానికి అడ్డు కాదు. మందులు ఇక్కడికి వచ్చాక మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌రేలో తేడా కనిపిస్తేనే కళ్లె మూడు రోజులు పరీక్షకి తీసుకుంటారు, అందులో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్‌కి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు కూడా పదేళ్ల లోపు పిల్లలకి కళ్లెని మైక్రోస్కోప్‌లో చూసే స్మియర్ పరీక్ష నెగటివ్ ఉండి, ఎక్స్‌రేలో గుల్ల గానీ ఎక్కువగా వ్యాపించిన జబ్బు గానీ లేకపోతే, గట్టి దగ్గు లేకపోతే, మందులకి లొంగని టీబీ ఉన్నవాళ్లతో మెలిగిన చరిత్ర లేకపోతే, కల్చర్ రాకముందే బయల్దేరే వీలుంది. అందుకే పాస్‌పోర్ట్ చేతికి రాగానే మెడికల్ పెట్టుకోండి. తిరుగు టికెట్ మార్చుకునే రకం తీసుకోండి.

డల్లాస్_అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్. అఫిడవిట్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఈ మెడికల్‌లో అంతా బాగుందంటే పాప ఆరోగ్యం గురించి ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

కరీంనగర్_బిడ్డ:
లేదక్కా. ఇది ముఖ్యంగా అంటురోగాల కోసం వీసా వాళ్లు చూసుకునే పరీక్ష. ఆ వయసు పిల్లలకి ఇగ్రా తప్ప వేరే రక్తపరీక్ష మామూలుగా ఉండదు. డల్లాస్ చేరిన రెండు వారాల్లోపు పిల్లల డాక్టర్‌కి చూపించండి. హిమోగ్లోబిన్, సీసం, హెపటైటిస్ బి, థైరాయిడ్, మలంలో పురుగులు, కళ్లు, చెవులు అన్నీ చూడమని అడగండి. అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి, కొత్త పేషెంట్లకి త్వరగా దొరకదు.

గోదారి_పిల్ల:
ఆ రోజు కూడా ఒళ్లోనే కూర్చోబెట్టుకోండి. మా పాప అమెరికా వచ్చాక డాక్టర్ దగ్గర రెండో సూదికి ఏడ్చింది, నా మెడ పట్టుకుని.