కరెంటు పోతే సంప్ పంప్ సంగతేంటి? బ్యాటరీ బ్యాకప్పా, నీళ్లతో నడిచేదా?

గోంగూర_గార్డెన్ (శనివారం రాత్రి)

మాది సెంట్రల్ న్యూజెర్సీ. ఇల్లు కొని మూడేళ్లు. బేస్‌మెంట్‌లో కార్పెట్ వేయించి పిల్లలకి ఆటగది, అత్తయ్యా మామయ్యా వచ్చినప్పుడు ఉండటానికి ఇంకో గది చేయించాం. గురువారం గాలివానకి కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. బేస్‌మెంట్ అడుగున గుంటలో ఊరే నీళ్లని తోడి బయటికి పోసే సంప్ పంప్ ఆగిపోయింది. గుంటలో నీళ్లు పైకి పైకి వచ్చి అంచుకి ఇంకో రెండంగుళాలే మిగిలింది. మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంటే నేను చెంబుతో బకెట్లోకి తోడి, మెట్లెక్కి బయట పోసి రావడం. నలభై బకెట్ల దగ్గర లెక్క తప్పింది.

మా వీధిలో పాతవాళ్లని కదిపితే 2021 ఐడా తుపాను గురించే చెబుతారు. ఆ సెప్టెంబరు 1న నెవార్క్‌లో ఒక్కరోజే 8.41 అంగుళాల వాన. అలాంటిది మళ్లీ వస్తే నా చెంబు ఏ మూలకి? ఇద్దరు ప్లంబర్లని పిలిచాను. ఒకాయన బ్యాటరీ బ్యాకప్ పంపు పెట్టమంటాడు, ఇంకొకాయన టౌన్ నీళ్ల ప్రెషర్‌తో నడిచే పంపు పెట్టమంటాడు. మీ ఇళ్లలో ఏముంది?

కృష్ణలంక_కుర్రాడు

నీళ్లతో నడిచేదే, అన్నా. మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది. మంచినీళ్లు సన్నటి నాజిల్‌లోంచి జోరుగా దూసుకుపోతుంటే ఆ లాగుడికి గుంటలో నీళ్లు పైకొస్తాయి, రెండూ కలిసి బయటికి పోతాయి. మోటారు లేదు, వైరు లేదు, ఛార్జింగ్ గొడవ లేదు. రెండు గ్యాలన్లు తోడటానికి సుమారు ఒక గ్యాలన్ మంచినీళ్లు పోతాయి. పోనీ, ఏడాదికి ఒకట్రెండు సార్లు బిల్లు పెరిగితే పెరిగింది! రెండు రోజులు కరెంటు రాకపోయినా అది తోడుతూనే ఉంటుంది. బోరు నీళ్ల ఇల్లైతే మాత్రం వద్దు, కరెంటు పోతే బోరే ఆగిపోతుంది.

ఓమ్స్_లా_ఓబులేసు

తోడుతూనే ఉంటుంది సరే తమ్ముడూ, ఎంత తోడుతుందో చెప్పవేం? చాలా ఇళ్లలో అది మెయిన్ పంపులో సగం కూడా తోడదు. టౌన్ ప్రెషర్ 40 పీఎస్ఐ కన్నా తక్కువుంటే మరీ నీరసం. పైగా గుంటలో మురికినీళ్లకీ మనం తాగే నీళ్లకీ అది లంకె. అందుకే ఆ మురికి వెనక్కి మంచినీళ్లలోకి రాకుండా ఆపే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ పెట్టమంటారు. చాలా ఊళ్లలో దానికి పర్మిట్ కావాలి, ఏటా టెస్ట్ చేయించాలి.

గోంగూర గారూ, మీ లెక్కే తీసుకుందాం. నలభై బకెట్లు, ఒక్కోటి ఐదు గ్యాలన్లు అనుకున్నా 200 గ్యాలన్లు. గంటకి వెయ్యి గ్యాలన్లు తోడే చిన్న 12 వోల్టుల పంపుకి అది 12 నిమిషాల పని. ఆ పంపు 12 ఆంపియర్లు లాగినా, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద ఎనిమిది గంటలు ఏకబిగిన నడుపుతుంది. పాతబడ్డ బ్యాటరీ ఐదు గంటలొచ్చినా మీరు నాలుగు గంటల్లో వాడింది 12 నిమిషాలే. అదే ఐడా లాంటి వానైతే లెక్క మారుతుంది, ఒప్పుకుంటాను.

కృష్ణలంక_కుర్రాడు

టెస్ట్ ఏటా చేయిస్తున్నా ఓబులేసు గారూ. మీ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారో మీరు చెప్పండి.

ఓమ్స్_లా_ఓబులేసు

ఏజీఎం బ్యాటరీ, సీల్ చేసిన రకం. పోయక్కర్లేదు.

నిజాంపేట_సెల్లార్

హైదరాబాద్ నుంచి. మీ సంపు గోల మొదట అర్థం కాలేదు. మాకు సంపంటే మంజీరా నీళ్లు పట్టి దాచుకునేది, మీరేమో అందులోంచి తోడి పారబోస్తున్నారు :)

2020 అక్టోబరు 13 రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల టైర్లు మునిగాయి, లిఫ్ట్ గుంట నిండిపోయింది. మోటారు ఉంది, బాగానే ఉంది. కానీ ప్యానెల్ బోర్డు కూడా సెల్లార్‌లోనే, మోకాలెత్తున బిగించాడు మా బిల్డరు. నీళ్లు అక్కడిదాకా వస్తుంటే వాచ్‌మన్ మెయిన్ ఆపేశాడు, దాంతో మోటారూ ఆగింది. తెల్లారాక డీజిల్ పంపు అద్దెకి తెచ్చి తోడించాం. నీళ్లు ప్లగ్గుల దాకా వస్తే చెంబు పట్టుకుని దిగకండి సార్, అది ముఖ్యం.

అసలు అడగాలనుకున్నది: ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు కదా? ఇక్కడ ఇంటింటా ఉంది.

ఓమ్స్_లా_ఓబులేసు

నేను మొదట చేసిందదే. అర హార్స్‌పవర్ పంపు ఇక్కడి 120 వోల్టుల మీద ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. స్టార్టయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు. ఫ్యాన్లకీ లైట్లకీ సరిపోయే ఇన్వర్టర్ ఆ దెబ్బకి ట్రిప్ అవుతుంది. ప్యూర్ సైన్ వేవ్‌ది, పెద్దది కొంటే నడుస్తుంది. అయినా పంపే కాలిపోతే? ఇన్వర్టర్ కరెంటిస్తుంది గానీ పంపునివ్వదు కదా. నాకు కావలసింది రెండో పంపు, దానికి విడిగా ఇంకో ఫ్లోట్, అంటే నీళ్లు పెరిగితే తేలి పంపుని ఆన్ చేసే బెండు.

డౌన్‌స్పౌట్_దేవి

అందరూ గుంటలోనే ఉన్నారు, కాస్త పైకి రండి. వాన పడుతుండగా గొడుగేసుకుని ఇంటిచుట్టూ ఒక్క రౌండు కొట్టారా? వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 620 గ్యాలన్ల పైమాటే. ఆ నీళ్లని కిందకి దించే డౌన్‌స్పౌట్ గొట్టం గోడ మొదట్లో వదిలేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి? పంపు తోడిన నీళ్లు కూడా గోడకి మూడడుగుల్లో పడుతుంటే అవే మళ్లీ గుంటలోకి. మా ఇంట్లో రెండేళ్లు ఇదే తంతు. ఒకే నీళ్లని తిప్పి తిప్పి తోడి, పంపు బాగా పనిచేస్తోందని మురిసిపోయాం.

ఇంకోటి. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో సంప్ పొంగిన నష్టం సాధారణంగా రాదు, వాటర్ బ్యాకప్ కవరేజీ విడిగా కలుపుకోవాలి. ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్సు వేరు. అందులోనూ బేస్‌మెంట్ వరకు ఫర్నేసు, వాటర్ హీటరు, సంప్ పంప్ లాంటివాటికే వస్తుంది. మీ కార్పెట్‌కి రాదు. కొన్నాక మామూలుగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, తుపాను వార్త చూసి పరిగెత్తితే ఉపయోగం లేదు.

కృష్ణలంక_కుర్రాడు

దేవి అక్కా, మా ఇంటి కింద నీటిమట్టమే పైనుంది. వాన లేని వారంలో కూడా పంపు కొట్టుకుంటుంది. గొట్టాలు పొడిగించి ఏం లాభం?

డౌన్‌స్పౌట్_దేవి

మీ ఇంటికి లాభం లేదు. ఆయన ఇల్లు ఎలాంటిదో ఎవరైనా అడిగారా? గోంగూర గారూ, వాన లేనప్పుడు మీ పంపు నడుస్తుందా?

గోంగూర_గార్డెన్ (ఆదివారం సాయంత్రం)

నడవదండీ. పొద్దున్న బయటికెళ్లి చూశాను. వెనకవైపు డౌన్‌స్పౌట్‌కి అడుగున ఉండాల్సిన వంపు ముక్క లేదు, గడ్డి కోసే మెషీన్ తగిలి ఊడినట్టుంది. గోడ మొదట్లో చిన్న గొయ్యి పడింది, నా గురువారం నలభై బకెట్లూ అక్కడివే అనుకుంటా. పదడుగుల ముడతల గొట్టం తెచ్చి తగిలించాను.

తర్వాత లోపలికొచ్చి గుంటలో నీళ్లు పోశాను. ఒక బకెట్, రెండు, మూడు. పంపు లేవదే! కరెంటు ఉంది. టార్చి వేసి చూస్తే ఫ్లోట్ గుంట గోడకి ఇరుక్కుని ఉంది. వేలితో కదిపితే గుర్రుమని లేచింది. ఆ రాత్రి చెంబుతో తోడుతూ నేనే పక్కకి నెట్టేసి ఉంటాను. కరెంటు వచ్చేసరికి వాన తగ్గింది కాబట్టి బయటపడలేదు.

ఆ రెండో ఫ్లోట్ కోసమే బ్యాటరీ పంపుకి సరే అన్నాను. కృష్ణలంక తమ్ముడూ, ఏమనుకోకు.

కృష్ణలంక_కుర్రాడు

ఏమీ అనుకోను అన్నా. బ్యాటరీ మీద తేదీ మార్కర్‌తో రాసి పెట్టుకో, ఓబులేసు గారిని ఆయనది ఎప్పటిదో అడుగు.

ఓమ్స్_లా_ఓబులేసు

ఐదో ఏడు. ఇప్పుడే కిందకెళ్లి చూసొచ్చా. కొత్తది ఆర్డర్ పెట్టాను.