సమస్యాపూరణం: ‘ఎండిన జడివాన యెదను దడిపె’

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

ఎండిన జడివాన యెదను దడిపె

ఈసారి ఒక షరతు. పూరణ బొమ్మ గురించే ఉండాలి. అదీ అక్రిలిక్ రంగులతో, కళ్ళ ముందు జరుగుతున్నది చూస్తూ వేసిన బొమ్మ. వేదిక మీది ఆటైనా సరే, వీధి మొగలో బండైనా సరే. ఫొటో చూసి వేసినవి వద్దు. మనలో కుంచె పట్టేవాళ్ళు నలుగురున్నారని పోయిన నెల తెలిసింది. ఈ పాదం వాళ్ళ కోసమే కట్టాను.

కొత్తవాళ్ళకు గుర్తు చేస్తున్నాను. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (వాటికన్నా పొడవైనవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. సమస్య అచ్చుతో మొదలవుతోంది కనుక మూడో పాదం చివర వాక్యం ముగియాలి, లేకపోతే విసంధి, అంటే సంధి జరగాల్సిన చోట జరగని దోషం.

విజయవాడ సోదరి:
గురువుగారూ, మా వీధి మొగలో బజ్జీల బండి ఉంది. శ్రావణంలో ఓ సాయంత్రం ఎదురింటి అరుగు మీద కూర్చుని గంటలో వేశాను.

బజ్జి బండి మీద బరకమ్ము గప్పగఁ
జినుకు తాకి పొగలు చిమ్మె నూనె
నీలి తెలుపు కలిపి నేఁ బూయ గుడ్డపై
ఎండిన జడివాన యెదను దడిపె

రాజమహేంద్రవరం డ్రాయింగు మాస్టారు:
అమ్మాయ్, నూనె చిమ్మడం కళ్ళకు కట్టింది. ‘బజ్జీ’ని ‘బజ్జి’ చేశావు, వాడుకే కాబట్టి ఫరవాలేదు. కానీ బరకం కప్పేశాక చినుకు మూకుట్లోకి ఎలా వచ్చింది?

విజయవాడ సోదరి:
బరకానికి చిల్లుంది మాస్టారూ. బొమ్మలో ఆ చిల్లు దగ్గర తెల్లటి చుక్క కూడా పెట్టాను.

నిర్వాహకుడు:
బొమ్మలో పెట్టిన చుక్కను పద్యంలో వదిలేస్తే ఎలాగమ్మా? ఇక ‘గుడ్డపై’ తర్వాత ‘ఎండిన’ వచ్చింది, నేను ముందే చెప్పిన విసంధి అదే. రెండూ సవరించండి.

విజయవాడ సోదరి:
రాత్రంతా దీంతోనే ఉన్నాను.

బజ్జి బండి మీద బరకమ్ము గప్పగఁ
జిల్లు దారి చినుకు చిమ్మె నూనె
నీలి తెలుపు కలిపి నేఁ బూసితిని జూడు
ఎండిన జడివాన యెదను దడిపె

నిర్వాహకుడు:
‘చిల్లు దారి చినుకు’! ఇప్పుడు ఆ బండి దగ్గర నేనూ నిలబడ్డాను. బాగుంది.

హైదరాబాదు తమ్ముడు:
అందరికీ నమస్కారం. బొమ్మలు ఆరేళ్ళుగా వేస్తున్నాను, పద్యం మాత్రం ఇదే మొదటిది. రవీంద్రభారతిలో కూచిపూడి తరంగం, అదే పళ్ళెం అంచు మీద నిలబడి చేసే నాట్యం, చూస్తూ, ముందే అనుమతి అడిగి, పక్క వరసలో కూర్చుని వేసిన బొమ్మ మీద రాశాను. తప్పులుంటే చెప్పండి.

పళ్లె మంచు మీదఁ బాదాల గతిఁ జూచి
కుంచె చల్లె రంగులు గుడ్డ నిండ
నాట ముగియ నారె నన్ని వర్ణమ్ములు
ఎండిన జడివాన యెదను దడిపె

నిర్వాహకుడు:
స్వాగతం తమ్ముడూ. రెండో పాదం మూడో గణం చూడు. ‘రంగులు’ గురువు, రెండు లఘువులు. అది భగణం, సూర్యగణం కాదు. ‘కుంచె చల్లె రంగు గుడ్డ నిండ’ అను, సరిపోతుంది. మొదటి పద్యానికే యతులన్నీ కుదిరాయి, ‘నిండ నాట’ దగ్గర ద్రుతం (‘నిండన్’ చివరి నకారం) కూడా సరిగ్గా పడింది. సంతోషం.

రాజమహేంద్రవరం మాస్టారు:
నాకు గణం కన్నా బొమ్మ మీదే అనుమానం. పళ్ళెం మీద ఆడేటప్పుడు పాదం ఒక్క క్షణం ఆగదు. ఏం పట్టుకున్నావు?

హైదరాబాదు తమ్ముడు:
పాదాన్ని పట్టుకోలేదు మాస్టారూ. పళ్ళెం జరిగిన దారి పట్టుకున్నాను. ముందు కాన్వాసు గుడ్డంతా బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) పలచగా పూసుకుని వెళ్ళాను, తెల్ల గుడ్డ చీకట్లో కళ్ళకు కొడుతుంది. వెడల్పు కుంచెతో పళ్ళెం అంచు ఐదారు చోట్ల గీశాను, మడమలు మూడు చోట్ల. ఆమె చీర కుచ్చెళ్ళ ఎరుపు చివర్న వేశాను. అక్కడే దెబ్బ తిన్నాను. వేదిక మీద ఎర్ర లైటు పడగానే నా రంగులు కలిపే పలక మీది ఎరుపు కూడా వెలిసినట్టు తెల్లగా కనబడింది, ఆకుపచ్చ నల్లగా కనబడింది. ఏ రంగు ముంచుతున్నానో తెలియలేదు. ఇప్పుడు పలకకు చిన్న తెల్ల లైటు తగిలించుకుని వెళ్తున్నాను, పక్కవాళ్ళ కళ్ళలో పడకుండా అట్ట అడ్డం పెట్టి. ఏసీ హాల్లోనూ రంగు నిమిషాల్లో బిగుసుకుపోతుంది, అందుకని పలక మీద తడి గుడ్డ, దాని మీద బటర్ పేపరు పరిచి రంగులు పెడతాను.

రాజమహేంద్రవరం మాస్టారు:
అలా చెప్పు. పద్యంలో ఆ లైటు సంగతి రాలేదే అని బాధగా ఉంది. ఇంకోటి రాయి.

కరీంనగర్ అన్న:
నాది వేదిక మీది ఆట కాదు గానీ, నాట్లేసేటప్పుడు ఆడోళ్ళు పాడే పాట ఏ కచేరీకి తక్కువ కాదని నా నమ్మకం. గట్టు మీద కూర్చుని వేసిన.

నాట్లు వేయుచుండ నడుములు వంచిన
పడుచు కొంగు లందుఁ బచ్చ, యెరుపు
చెరువు నీటఁ గలిపి చేవ్రాలు చేసితి
ఎండిన జడివాన యెదను దడిపె

విజయవాడ సోదరి:
అన్నయ్యా, ‘చెరువు నీటఁ గలిపి చేవ్రాలు’ చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. కానీ వాన ఏది? మూడు పాదాల్లో ఒక్క చినుకు లేదు. నాలుగోది పైనుంచి అతికించినట్టుంది. పాట కూడా రాలేదు.

కరీంనగర్ అన్న:
నిజమే చెల్లె. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురే, నా మనసులో ఉంది గనుక రాసిన అనుకున్న. మొదటి పాదం మారుస్తున్న.

వానఁ దడిసి నాట్లు పాటతో వేసిన
పడుచు కొంగు లందుఁ బచ్చ, యెరుపు
చెరువు నీటఁ గలిపి చేవ్రాలు చేసితి
ఎండిన జడివాన యెదను దడిపె

నిర్వాహకుడు:
‘వా–పా’ యతి చెల్లుతుంది. పాటా వచ్చింది, వానా వచ్చింది. ఇది మొదటి దానికన్నా ఎంతో మేలు.

రాజమహేంద్రవరం మాస్టారు:
అన్నా, రెండు మాటలు. కొంగుల్లో పచ్చ, ఎరుపు అనగానే చిత్రకారుడు తోట వైకుంఠంగారి బొమ్మల్లోని తెలంగాణ స్త్రీలు కళ్ళ ముందుకొస్తారు. ఆయనదీ మీ పాత కరీంనగర్ జిల్లాయే, బూరుగుపల్లి. ఆ రంగుల మోజులో పడకుండా, ఆ గట్టు మీంచి మీకు కనబడ్డ పచ్చ ఏదో అదే వేయండి. రెండోది, కుంచె కడిగిన నీళ్ళు మళ్ళీ చెరువులో పోయకండి. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్కే, నీళ్ళలో కరగదు. చేపలున్న చెరువు అది. డబ్బాలో ఇంటికి తెచ్చుకోండి.

కరీంనగర్ అన్న:
తెలియక పోసిన మాస్టారూ. ఇక పొయ్య.

రాజమహేంద్రవరం మాస్టారు:
ఇప్పుడు నాది. మా ఊళ్ళో దామెర్ల రామారావుగారి బొమ్మలు చూస్తూ పెరిగాను. ఆయన 1925లో, ముప్ఫై నిండకుండానే పోయారు. నీళ్ళతో కలిసే అక్రిలిక్ 1955లో అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో వచ్చింది. ఈ రంగు ఆయన చేతికి అందలేదే అని గోదావరి గట్టున కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను. మబ్బు చూస్తూ వేసిన బొమ్మ మీద ఈ పద్యం.

పాల వోలె రంగు పలుచగా నుండెను
నీరు విడువ ముదిరె నీలి మబ్బు
గొడుగు లేక నేను గోడపైఁ జూచితి
ఎండిన జడివాన యెదను దడిపె

హైదరాబాదు తమ్ముడు:
మాస్టారూ, రంగు ముదరడం పద్యంలోకి తెచ్చేశారు! ఇది వేసేవాళ్ళందరికీ తగిలే సంగతి. తడిగా ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచే జిగురు పాలలా ఉంటుంది, నీరు ఆవిరయ్యాక తేటపడుతుంది, అప్పుడు రంగు ఒక పిసరు చిక్కబడుతుంది. అందుకే నేను ముఖాల రంగు కావాలని కాస్త లేతగా కలుపుతాను.

విజయవాడ సోదరి:
మాస్టారూ, ఒక మాట అనొచ్చా? ‘పలుచగా’ అంటే నీళ్ళు ఎక్కువైనట్టు ఉంది. మీరు చెప్పేది లేతగా కనబడటం కదా. ఇలా ఉంటే?

పాల వలెనె తడిని పాలిపోయిన రంగు
నీరు విడువ ముదిరె నీలి మబ్బు

రాజమహేంద్రవరం మాస్టారు:
బంగారు తల్లీ! అప్పుడు రెండు పాదాలూ ఒకే వాక్యమయ్యాయి. నా పద్యంలో ఆ పాదం నీదేనని అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ. మిగతావాటిలో వాన ఆకాశం నుంచి పడింది. ఇందులో మబ్బు ముదిరింది కూడా గుడ్డ మీదే. ‘గొడుగు లేక నేను గోడపైఁ జూచితి’ దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది.

హైదరాబాదు తమ్ముడు:
చివరగా ఒక సందేహం. వేదిక వెనక నల్ల తెరకి ట్యూబులోని నలుపే వేస్తే బొమ్మలో కన్నం పడ్డట్టు ఉంటోంది. ఏం చేయాలి?

రాజమహేంద్రవరం మాస్టారు:
నలుపు ట్యూబు ఇంట్లో పెట్టి వెళ్ళు. అల్ట్రామెరీన్ నీలం, నువ్వు గుడ్డకు పూస్తున్న ఆ బర్న్ట్ సియెన్నా చిక్కగా కలుపు. నీలం ఒక పిసరు ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా వస్తుంది. నాట్యగత్తె దగ్గర వెచ్చన, మూలల్లో చల్లన. తెరకు ప్రాణం వస్తుంది.

నిర్వాహకుడు:
మాస్టారూ, మీరు నాకు వచ్చే వారం పని తగ్గించారు. అందరూ రాసుకోండి. ఇదీ ఆటవెలది చివరి పాదమే. బొమ్మ షరతు అలాగే ఉంటుంది.

నల్లరంగు లేక నలుపు మెరిసె