సీమలో కార్బన్ దాచేది యాడ: అడవిలోనా, రాతి కిందనా?

పెన్నాగట్టు:
ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బనగానపల్లె... వరసగా సిమెంటు ఫ్యాక్టరీలే. సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే బయటికొస్తుంది. బొగ్గు మానేసి సోలార్ పెట్టుకున్నా అది ఆగదు. అందుకే ఆ గ్యాసును పట్టి భూమి లోపలికి పంపే పరిశోధన మన జిల్లాల్లోనే మొదలుపెట్టాలంటాను. మొక్కలు నాటి సరిపెడతామంటే నేను ఒప్పుకోను.

నల్లమల నీడ:
నాటమని ఎవరన్నారు? ఉన్న అడవిని కాలకుండా కాపాడండి చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా బోద గడ్డి నిలువునా ఎండుతుంది. ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు, జనవరి లోపే గీకి, రాలిన ఆకును మళ్లీ మళ్లీ ఊడ్చాలి. ఒక్కసారి గీకి వదిలేస్తే మార్చికి ఆకు మళ్లీ పరుచుకుంటుంది, మంట దానిమీదుగానే దాటుతుంది. దీనికి కూలి డబ్బులు లేవు గానీ గ్యాసు దింపే బోర్లకు కోట్లు కావాలా?

పెన్నాగట్టు:
లెక్క చూడండి. చుట్టుకొలత 63 సెంటీమీటర్లు, ఎత్తు 8 మీటర్లు ఉన్న వేపచెట్టు వేర్లతో కలిపి సుమారు 157 కిలోల ఎండు బరువు. అందులో కార్బన్ 0.47 వంతు, దాన్ని 3.67తో హెచ్చిస్తే కార్బన్ డయాక్సైడ్ 270 కిలోలు. టన్ను సిమెంటుకు సుమారు 0.6 టన్నుల గ్యాసు. ఏడాదికి పది లక్షల టన్నుల సిమెంటు తీసే ఒక్క ఫ్యాక్టరీకే ఆ సైజు చెట్లు 22 లక్షలు కావాలి, అదీ ప్రతి ఏడూ కొత్తగా. వాన 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో యాడ పెంచుతారు?

నల్లమల నీడ:
63 ఎక్కడ కొలిచారు? నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలి. వాలు నేలైతే పైవైపు నిలబడి కొలవాలి, కింది వైపు నిలబడితే టేపు మొదలు దగ్గరికి జారి చుట్టుకొలత పెరుగుతుంది. ఆ ఎత్తుకు కిందే చీలిన చెట్టయితే ప్రతి కొమ్మనూ వేరే చెట్టుగా రాయాలి. వేప లెక్క ఎర్రచందనానికి పనికిరాదు, దాని చేవ నీళ్లలో మునిగేంత బరువు.

కంపతోపు:
అన్నా, టేపు పక్కన పెట్టి అసలు విషయానికి రాండి.

నల్లమల నీడ:
అసలు విషయం నీళ్లు. ఐస్‌లాండ్‌లో 2012లో నల్లరాతిలోకి (బసాల్ట్, లావా చల్లారి గట్టిపడిన రాయి) పంపిన గ్యాసు రెండేళ్ల లోపే 95 శాతం రాయిగా మారిందని అందరూ చెప్తారు. టన్ను గ్యాసు కరిగించడానికి 25 టన్నుల నీళ్లు పోశారని చెప్పరు. మీరు చెప్పిన ఫ్యాక్టరీకే ఏడాదికి అర టీఎంసీ దాటుతుంది. హంద్రీ-నీవా కాలువ కింద చెరువులకు తూము తెరవమని కొట్లాడుకునే చోట!

పెన్నాగట్టు:
నీళ్లు లేకుండానూ చేయొచ్చు. 2013లో అమెరికాలోని వల్లూలాలో వెయ్యి టన్నుల దాకా గ్యాసును ఒత్తిడి పెట్టి నేరుగా నల్లరాతిలోకి పంపారు. 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి దాటితే గ్యాసు ద్రవంలా చిక్కబడుతుంది. ఆ ఒత్తిడి సుమారు 800 మీటర్ల లోతు నుంచి దొరుకుతుంది.

రాతిగుండు:
భూగర్భం చదివినవాడిగా ఒక మాట. మీరిద్దరూ లేని రాయి గురించి కొట్లాడుతున్నారు. దక్కన్ నల్లరాయి మహారాష్ట్ర వైపు. మన వేంపల్లె, తాడిపత్రి పొరల్లో నల్లరాయి ఉంది కానీ పలచని పట్టీలు, సుమారు 190 కోట్ల ఏళ్లనాటివి. అంత పాత రాతిలో రంధ్రాలు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. నార్వే 1996 నుంచి సముద్రం కింద దాస్తున్న ఇసుకరాతిలో మూడో వంతుకు పైగా ఖాళీయే. ఇసుకరాయే కరుడుగట్టిన మన క్వార్ట్‌జైట్‌లో ఆ ఖాళీ ఎక్కడ? సున్నపురాయి సంగతి బెలుం గుహల్లో చూడొచ్చు, కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు దాన్ని కరిగిస్తాయి. మనకు దగ్గరలో ఆశ ఉన్నది కృష్ణా-గోదావరి బేసిన్‌లో, అక్కడిదాకా పైపులైను వేయాలి.

పెన్నాగట్టు:
ఉంటాయి అంటున్నారు, కొలిచి చెప్పట్లేదు. ఒక టెస్టు బోరు వేసి కోర్, అంటే లోపలి రాతి కడ్డీ, తీసి చూస్తే తేలిపోతుంది. గుహలు పైపొరలో వాన నీటికి ఏర్పడ్డవి, వాటిని వెయ్యి మీటర్ల లోతుకు అంటగట్టొద్దు.

నల్లమల నీడ:
మా ఊరి పక్క గని వ్యర్థాల చెరువు కట్టేటప్పుడు కూడా ఇదే మాట, ఊట రాదని. బోరు నీళ్లు మారాయని అడిగితే "ముందు ఎట్లుండేవో కాగితం చూపండి" అన్నారు. ఆ కాగితం మా దగ్గర యాడుంటాది?

పెన్నాగట్టు:
గనికీ దీనికీ ముడిపెట్టొద్దు! మీ అడవి లెక్కలో నష్టపోయేది ఎవరో చెప్పనా? ఫ్యాక్టరీ చెట్లకు డబ్బు కట్టి పొగ వదులుతూనే ఉంటుంది, ఊరి బీడు ముప్పై నలభై ఏళ్లకు ఒప్పందంలో పోతుంది, గొర్రెలకు గడ్డి లేకుండా కంచె పడుతుంది. ఎవరి పొగ వాళ్లే పూడ్చుకోవాలి. నా కోపం దాని మీద.

నల్లమల నీడ:
అట్లా ముందే అని ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. నేనూ పూచీ గురించే అడుగుతున్నా. కంపెనీ మూతపడితే లోపల ఉన్నది ఎవరిది? యూరోపు 2009లోనే చట్టం చేసింది: బోరు మూసినాక మామూలుగా కనీసం ఇరవై ఏళ్లు కంపెనీదే బాధ్యత, ఆ తర్వాతే ప్రభుత్వానిది. మన ఊరికి అలాంటి రాత ఏది?

రాతిగుండు:
ఏ బోరైనా వేసే ముందు చుట్టూ ఉన్న తాగునీటి బోర్లలో కనీసం ఏడాది పాటు, ఎండకాలం, వానకాలం రెండూ వచ్చేలా నీళ్లు పట్టి పీహెచ్ (నీళ్ల పులుపు చూపే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది), బైకార్బనేట్, ఫ్లోరైడ్ రాసి పెట్టాలి. లీకైతే ముందు పడిపోయేది పీహెచ్. దాని వెంట రాతిలోని లోహాలు నీళ్లలోకి దిగుతాయి. పీహెచ్ బోరు దగ్గరే చూడాలి, సీసాలో టౌనుకు తెచ్చేలోపు గ్యాసు ఎగిరిపోయి అంకె పెరుగుతుంది. ఆ కాగితాల నకలు పంచాయతీలో ఉండాలి.

పెన్నాగట్టు:
దానికి నేను సిద్ధమే. పూచీ చట్టం వచ్చేదాకా టెస్టు బోరు కూడా వద్దంటారా?

నల్లమల నీడ:
వద్దనే అంటాను.