పాత మెషిన్ షాప్‌ని ఇల్లుగా మారుస్తున్నాం, బాత్రూం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఒకప్పుడు మెషిన్ షాప్‌గా నడిచిన బిల్డింగ్ ఇది. మొదటి అంతస్తులో ఒక మూలకి బాత్రూం అనుకున్నాం, అక్కడ ఇదివరకు నీళ్ళ లైనూ లేదు డ్రెయినూ లేదు, కిందికి దిగే పెద్ద పైపు 4 మీటర్ల దూరంలో ఉంది. స్లాబ్ మందంగానే ఉంది గానీ ఏళ్ళ తరబడి ఆయిల్ కారి నల్లటి మరకలు, పైగా షవర్ వచ్చే చోట నుంచే స్లాబ్ జాయింట్ (రెండు స్లాబులు కలిసే గీత) వెళ్తోంది. మేస్త్రి ఏమో కన్నం కొట్టి కమోడ్ కూర్చోబెట్టి మీద సిమెంట్ పోసి టైల్స్ వేసేద్దాం, ఏం కాదు అంటున్నాడు. నాకైతే ధైర్యం చాలట్లేదు. టైల్స్, ఫిట్టింగులు ఇంకా కొనలేదు.

రిప్లై 1:
కొనకపోవడమే మంచిదైందండీ. ముందు కమోడ్ పైపు ఎటు పోతుందో తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే. 110 ఎంఎం పైపుకి 1:40 వాలు ఇస్తే 4 మీటర్లకి 100 ఎంఎం దిగుతుంది, పైపు వ్యాసం కలిపితే 210 ఎంఎం, దాని మీద మళ్ళీ ఫ్లోరింగ్, అంటే బాత్రూంలోకి పెద్ద మెట్టు ఎక్కి వెళ్ళాలి. 1:80 అయితే 50 ఎంఎమ్మే దిగుతుంది కానీ పైపు మధ్యలో ఎక్కడా కుంగకుండా క్లాంపులు దగ్గర దగ్గరగా వేయాలి, లేదంటే అక్కడే బ్లాక్ అవుతుంది. నా మాటైతే వాల్ హంగ్ కమోడ్ (నేలకి ఆనకుండా గోడలోని ఇనుప ఫ్రేమ్‌కి వేలాడేది) పెట్టండి, దాని అవుట్‌లెట్ వెనక గోడలోకి పోతుంది కాబట్టి పైపుని గోడ వెంబడే బాక్స్ కట్టి పంపొచ్చు, ఎత్తు కలిసొస్తుంది. షవర్‌ని పెద్ద పైపు వైపుకి జరపండి, అప్పుడు షవర్ కింద మాత్రమే నేల లేపితే సరిపోతుంది, పైగా జాయింట్ మీద నుంచి కూడా తప్పుకుంటారు. వెంట్ పైపు (డ్రెయిన్ లైనుకి గాలి ఆడే పైపు) మర్చిపోవద్దు, అది లేకపోతే ట్రాప్‌లో (వాసన రాకుండా నీళ్ళు నిలిచే వంపులో) నీళ్ళు లాగేసి ఇల్లంతా వాసన.

రిప్లై 2:
కన్నం విషయంలో మీ భయం కరెక్టే అన్నా. లోపల రాడ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయకుండా కోర్ కటింగ్ (మెషిన్‌తో గుండ్రంగా కన్నం కోయడం) చేయనివ్వద్దు. లోపల లాగి బిగించిన ఉక్కు కేబుల్స్ ఉన్న స్లాబ్ అయితే ఒక్క కేబుల్ తెగినా ప్రాణాల మీదికి వస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. మెషిన్లు మోసిన స్లాబ్ కదా ఎంతైనా మోస్తుందిలే అనుకోవద్దు, ఎక్కడ తుప్పు పట్టిందో పైకి కనపడదు. నేల లేపడానికి ఇటుక ముక్కలు సిమెంట్‌తో కలిపి నింపితే 200 ఎంఎం మందానికే చదరపు మీటరుకి 350 కిలోల పైమాటే, దాని బదులు ఫ్రేమ్ కట్టి సిమెంట్ బోర్డు వేస్తే బోలెడు బరువు తగ్గుతుంది.

రిప్లై 3:
నేను టైల్స్ పని వైపు చెప్తాను. నల్ల మరక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, పీల్చుకోకుండా ముత్యాల్లా నిలబడ్డాయంటే అక్కడ అడ్హెసివ్ (టైల్ అంటించే జిగురు) పట్టదు, కొన్నాళ్ళకి టైల్ తడితే డొల్ల చప్పుడు వస్తుంది. యాసిడ్ పోసి కడిగితే ఆయిల్ పోదు, శుభ్రమైన కాంక్రీట్ తగిలేదాకా గ్రైండింగ్ చేయాల్సిందే. మరీ లోతుకి ఇంకిపోతే ప్లాస్టిక్ షీట్ పరిచి దానిమీద మెష్ పెట్టి కనీసం 50 ఎంఎం స్క్రీడ్ (టైల్స్ కింద వేసే సిమెంట్ పొర) పాత స్లాబ్‌కి అంటకుండా విడిగా పోయించండి, ఆ బరువు కూడా ఇంజనీర్‌కి చెప్పండి. స్లాబ్ జాయింట్ బాత్రూంలో ఎక్కడ పడినా దాన్ని సిమెంట్‌తో పూడ్చేయకండి, అదే గీతలో టైల్స్ మధ్య కూడా సిలికాన్ జాయింట్ వదలండి, కప్పేస్తే టైల్ అదే గీత వెంట పగులుతుంది. మూలల్లో కూడా గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే సిమెంట్) కాదు, సిలికానే. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, షవర్ గోడలకి పై దాకా, ఆరాక డ్రెయిన్ మూసి 24 గంటలు నీళ్ళు నిలబెట్టి కింది అంతస్తు సీలింగ్ చూడండి. షవర్ నేల వాలు మీటరుకి 20 ఎంఎం చాలు. ఇంకోటి, పాత ఫ్లోర్ టైల్స్ గానీ వాటి కింద నల్లటి జిగురు గానీ ఉంటే పగలగొట్టకండి, ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ముందు ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. చుక్కలు వేసి చూశాను, మూడు చోట్ల అలాగే నిలబడ్డాయి. కన్నం మాట పక్కన పెట్టి ముందు ఇంజనీర్‌ని పిలుస్తున్నా, షవర్ కూడా పైపు వైపుకే. వాల్ హంగ్ కమోడ్ ఫ్రేమ్‌ని పాత ఇటుక గోడకే బిగించొచ్చా?

రిప్లై 1:
ఇటుక గట్టిగా ఉండి, గోడ పొట్ట రాకుండా ఉంటే బిగించొచ్చు. సున్నం రాలుతుంటే మాత్రం ఫ్రేమ్ కాళ్ళని స్లాబ్‌కే ఫిక్స్ చేయండి, కానీ యాంకర్ డ్రిల్లింగ్‌కి కూడా ముందు స్కాన్ చేయించాల్సిందే.