వనువాటు వంటి చిన్న దేశానికి ప్రత్యేక టెలికాం నియంత్రణ సంస్థ అవసరమా?

ప్రశ్న: సుమారు 3 లక్షల జనాభా, 80కి పైగా దీవులు ఉన్న పసిఫిక్ దేశం వనువాటులో 2008లో డిజిసెల్ అనే టెలికాం సంస్థ ప్రవేశించడంతో మొబైల్ సేవల్లో గుత్తాధిపత్యం ముగిసింది. పోటీ వచ్చాక కూడా నియంత్రణ సంస్థ నిర్వహణ భారాన్ని ఇంత చిన్న దేశం మోయడం సమంజసమేనా?

మొదటి సమాధానం: పోటీ వచ్చినప్పుడే దాని అవసరం పెరుగుతుంది. ఒక సంస్థ వినియోగదారుడు మరో సంస్థ వినియోగదారుడికి ఫోన్ చేయాలంటే రెండు నెట్‌వర్కులూ కలవాలి. ఆ అనుసంధానానికి పాత సంస్థ ఎంత రుసుము అడిగితే అంత చెల్లించాల్సి వస్తే, కొత్త సంస్థకు దక్కిన లైసెన్సు కాగితానికే పరిమితమవుతుంది. 2009 నాటి చట్టంతో ఏర్పడిన నియంత్రణ సంస్థ ఇటువంటి వివాదాలను పరిష్కరించడానికే ఉంది.

రెండో సమాధానం: అంగీకరిస్తాను, అయితే నా దృష్టిలో అసలు చిక్కు సముద్రగర్భ కేబుల్. 2014లో ఫిజీతో కలిపే కేబుల్ అందుబాటులోకి వచ్చాక ఉపగ్రహాలపై ఆధారపడటం తగ్గింది గానీ, ఒకే దారి ఉన్నచోట టెలికాం సంస్థలు ఆ కేబుల్ వాడకానికి చెల్లించే టోకు ధరను అదుపు చేసేవారు లేకపోతే చిల్లర మార్కెట్లో పోటీకి అర్థం ఉండదు. ఒకే దారిపై ఆధారపడితే ఏమవుతుందో, 2022లో అగ్నిపర్వతం పేలి మరో పసిఫిక్ దేశం టోంగా కేబుల్ తెగి, బయటి ప్రపంచంతో దాని సంబంధాలు వారాల తరబడి దెబ్బతిన్నప్పుడు చూశాం.

ప్రశ్న వేసినవారు: టోకు ధర సంగతి నాకు తట్టలేదు.