గేర్‌బాక్స్ కారుతోంది: దింపి సీళ్లన్నీ మార్చాలా, ఆయిల్ పోస్తూ నడుపుకోవాలా?

పాతబండి:
బండికి 23 ఏళ్లు. వెనక చక్రాల డ్రైవ్, 5 గేర్ల మాన్యువల్. రాత్రి ఆపి పొద్దున చూస్తే కింద అరచేయంత మరక. గేర్‌బాక్స్ ఆయిలే అని మెకానిక్ తేల్చాడు, ఎక్కణ్నుంచి అంటే మాత్రం "అంతా తడిగానే ఉంది సార్, దింపి సీళ్లన్నీ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చేద్దాం" అన్నాడు. ఇంకో మెకానిక్‌కి చూపిస్తే, ఇంత పాత బండికి అదంతా దండగ, అప్పుడప్పుడూ ఆయిల్ పోసుకోండి, లేదంటే 90 గ్రేడ్ ఆయిల్ తీసేసి చిక్కటి 140 వేయండి అన్నాడు. గేర్లు బాగానే పడుతున్నాయి, చప్పుడేం లేదు. ఎవరి మాట వినమంటారు?

గ్రీజుచేతులు:
రెండో ఆయన మాట సగం వినండి. 140 సంగతి మర్చిపోండి. 90 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల వేడి దగ్గర సుమారు 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ ఉంటే, 140ది 24 దగ్గర మొదలవుతుంది. గేరు మార్చినప్పుడు సింక్రో రింగు (గేరు, షాఫ్ట్ వేగాలు కలిపే ఇత్తడి రింగు) ఆ ఆయిల్ పొరను తోసేసుకుని గేరు మీది కోన్‌ని పట్టుకోవాలి కదా, అంత చిక్కగా ఉంటే చల్లటి పొద్దున రెండో గేరు మొండికేస్తుంది, మీరు బలవంతంగా తోస్తారు, సింక్రో అరుగుతుంది. కారడం ఆపబోయి గేర్లు పాడుచేసుకున్నట్టు.

పోస్తూ నడపడం మాత్రం తప్పేం కాదు. నేను నాలుగేళ్లు అలాగే నడిపాను.

బెల్‌హౌసింగ్:
అన్నా, మీరు నాలుగేళ్లు నడిపారు సరే, ఎన్నిసార్లు బండి కిందికి దూరి లెవెల్ చూశారో కూడా చెప్పండి. ఇంజిన్‌కి డిప్‌స్టిక్ ఉంది, ఆయిల్ ప్రెజర్ లైటు ఉంది. ఇలాంటి పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి రెండూ ఉండవు. పక్కనున్న ఫిల్లర్ బోల్ట్ విప్పి, బండి సమంగా నిలబెట్టి, వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అంచు దాకా ఆయిల్ ఉండాలి. రెండు నెలలు చూస్తాం, మూడో నెల బద్ధకం. బేరింగ్ మోత మొదలయ్యాక గానీ గుర్తుకు రాదు, అప్పటికి సీలు ఖర్చు కాస్తా బాక్సు ఖర్చవుతుంది.

పైగా లీకు ముందువైపు, క్లచ్ నుంచి బాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గరైతే ఆ ఆయిల్ క్లచ్ ప్లేట్ మీద పడుతుంది. తడిసిన ప్లేట్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేసేవాళ్లని చూశాను, కొన్నాళ్లకే మళ్లీ జారుతుంది. నా ఓటు దింపడానికే.

గ్రీజుచేతులు:
తమ్ముడూ, నెలకోసారి కచ్చితంగా చూశాను, డైరీలో రాసుకుని మరీ. ఒప్పుకుంటా, అందరూ అలా చూడరు.

నెమ్మదిడ్రైవర్:
ఎక్కడ కారుతుందో తెలియకుండానే దింపాలా వద్దా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. పాతబండి గారూ, ముందు బ్రీదర్ చూడండి. గేర్‌బాక్స్ పైభాగాన చిన్న మూతో గొట్టమో ఉంటుంది, లోపలి గాలి బయటికి పోయే దారి అదే. మట్టి పట్టి అది మూసుకుపోతే, బండి వేడెక్కినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీలు పెదవి దాటి కూడా ఆయిల్ బయటికొస్తుంది. మూసుకున్న బ్రీదర్‌తో కొత్త సీళ్లు వేసినా అంతే, డబ్బులు పోసి మళ్లీ అదే మరక చూసుకోవడం.

తర్వాత బాక్సంతా డీజిల్‌తో కడిగి, ఆరాక ఒంటికి రాసుకునే పౌడర్ చల్లి కాస్త దూరం తిప్పి రండి. తడి ఎక్కడ మొదలైందో పౌడర్ మీద గీతలా కనిపిస్తుంది. నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది కాబట్టి ఎక్కువ తడిసిన చోటు కాదు, పైన, ముందున్న తడి చోటు చూడాలి. రివర్స్ లైట్ స్విచ్, స్పీడోమీటర్ కేబుల్ దిగే చోటి ఓ రింగ్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, గేరు రాడ్ సీలు... వీటిలో చాలావాటికి బాక్సు దింపక్కర్లేదు. బాక్సు తోక, అంటే వెనక చివర ఉన్న సీలుకి కూడా, వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కటీ తీస్తే సాధారణంగా చాలు.

బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గంట ఆకారపు డొప్ప) అడుగు నుంచి చుక్క పడుతుంటే మాత్రం వేలికి రాసుకుని వాసన చూడండి. గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. నల్లగా ఉండి ఆ కంపు లేకపోతే ఇంజిన్ వెనక సీలు అయ్యుండొచ్చు, అప్పుడు గేర్‌బాక్స్‌ని తిట్టుకుని లాభం లేదు.

కొత్తచక్రం:
లీకు ఆపే మందు డబ్బాలు దొరుకుతాయి కదా, అది పోస్తే పోలా? నా బండికి పనిచేసింది.

బెల్‌హౌసింగ్:
ఎన్నాళ్లు పనిచేసింది బ్రో? ఆ మందు ఎండిన రబ్బరుని మెత్తబరిచి కాస్త ఉబ్బేలా చేస్తుంది. సీలు గట్టిపడి కారుతుంటే కొన్ని నెలలు గట్టెక్కిస్తుంది. చిరిగిన సీలుకి, పేపర్ ప్యాకింగ్‌కి, అరిగిన షాఫ్ట్‌కి దానితో ఏం కాదు.

గ్రీజుచేతులు:
ఈ ఒక్క విషయంలో బెల్‌హౌసింగ్‌తో ఉన్నాను, తారీఖు రాసి పెట్టుకోండి.

పాతబండి:
చూశాను. బ్రీదర్ మూత మట్టితో బిగుసుకుపోయి అసలు తిరగడం లేదు, కడిగితే వదులైంది. తోక, స్విచ్ దగ్గర పొడిగా ఉన్నాయి. మరక సగానికి తగ్గింది కానీ పోలేదు. బెల్ హౌసింగ్ కింద చుక్క ఉంది, కంపు భరించలేం. క్లచ్ జారడం లేదు ఇంకా. ఇప్పుడేంటి?

గ్రీజుచేతులు:
క్లచ్ జారేదాకా ఆగండి. ఎలాగూ అప్పుడు దింపాలి, ఒకే కూలి.

బెల్‌హౌసింగ్:
జారేదాకా ఆగితే ప్లేటు ఖాయంగా పోతుంది. ఇప్పుడైతే ప్లేటు మిగిలే అవకాశం ఉంది. నేనైతే ఆగను.

నెమ్మదిడ్రైవర్:
నేనూ ఆగను. కానీ "సీళ్లన్నీ" అనే మాట దగ్గర మెకానిక్‌ని ఆపండి. ఇలాంటి బాక్సుల్లో చాలావాటికి ముందు సీలు ముందు కవర్‌లోనే ఉంటుంది, కేసు విప్పకుండా అందుతుంది. చప్పుడు లేని బాక్సుని లోపలిదాకా విప్పడం దేనికి? ముందు సీలు, తోక సీలు, క్లచ్‌ని వదిలించే రిలీజ్ బేరింగ్, చేయి అందుతుంది కాబట్టి ఇంజిన్ వెనక సీలు, అంతే. సీలు వేసే ముందు షాఫ్ట్ మీద గోరు గీయండి. గాడి తగిలితే అదే చోట కొత్త సీలు నిలవదు, లోపల చోటుంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కొట్టాలి, లేదా సన్నటి స్టీల్ స్లీవ్ తొడగాలి. షాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం లెక్క మారుతుంది, అరిగింది బేరింగ్, సీలు కాదు. సిలికాన్ పేస్ట్ ధారాళంగా పూయనివ్వకండి, ఊడిన ముక్కలు లోపల తిరుగుతాయి.

పాతబండి:
సరే, వచ్చే వారం దింపిస్తున్నాను, కేసు విప్పొద్దని ముందే చెబుతా. ఆయిల్ ఏది? బండి పుస్తకంలో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అని ఉంది, మెకానిక్ జీఎల్-5 ఇంకా మంచిది అంటున్నాడు.

గ్రీజుచేతులు:
పుస్తకంలో ఉన్నదే పోయించండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ, వాటిలో కొన్ని ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. ఇంకో మాట, పాత ఆయిల్ తీసేటప్పుడు డ్రెయిన్ బోల్ట్ కన్నా ముందు ఫిల్లర్ బోల్ట్ విప్పించండి. ఖాళీ చేశాక అది బిగుసుకుపోయి రాకపోతే మళ్లీ పోయడానికి దారి ఉండదు, నాకోసారి అయింది.