క్రోమియం పెంటాక్సైడులో క్రోమియానికి +10 ఆక్సీకరణ సంఖ్య ఎందుకు రాకూడదు?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ఆక్సిజన్‌కు −2 వేసి, అణువు మొత్తం సున్నా అయ్యేలా మిగిలిన మూలకం ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయినట్లో, పొందినట్లో చెప్పే లెక్క) కట్టే పద్ధతిలో పొటాషియం డైక్రోమేట్‌లోని క్రోమియానికి +6 తేలికగానే వచ్చింది. అదే పద్ధతిలో క్రోమియం పెంటాక్సైడుకు (CrO₅) లెక్క వేస్తే +10 వస్తోంది, కానీ పుస్తకం చివరి జవాబుల్లో +6 అని ఉంది. పొరపాటు నాదా, అచ్చుతప్పా?

సమాధానం (రసాయనశాస్త్ర అధ్యాపకుడు):
అచ్చుతప్పు కాదమ్మా. మీ కూడిక కూడా సరైనదే. ఐదు ఆక్సిజన్లకూ −2 వేయడం దగ్గరే చిక్కు వచ్చింది. క్రోమియం 3డి, 4ఎస్ ఉపకర్పరాల్లో కలిపి ఉన్నవి ఆరు ఎలక్ట్రాన్లే కనుక, +10 కనబడగానే అనుమానించి అణునిర్మాణం చూడాలి. ఇందులో ఒక్క ఆక్సిజనే క్రోమియంతో ద్విబంధంలో ఉంటుంది. తక్కిన నాలుగూ రెండేసి చొప్పున తమలో తాము బంధం ఏర్పరచుకుని, రెండు పెరాక్సో జంటలుగా సీతాకోకచిలుక రెక్కల్లా అమరుతాయి. ఒకే మూలకపు పరమాణువుల మధ్య బంధంలోని ఎలక్ట్రాన్లను చెరిసగం పంచాలి కాబట్టి పెరాక్సో ఆక్సిజన్‌కు −1 మాత్రమే వస్తుంది. నాలుగింటికి −4, ఐదోదానికి −2, క్రోమియానికి +6. ఆమ్లీకృత డైక్రోమేట్ ద్రావణానికి ఈథర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి కుదిపినప్పుడు ఈథర్ పొరలో తేలే నీలం ఈ పదార్థానిదే. నారింజ రంగు నీలమైనా క్రోమియం +6లోనే ఉంది. రంగు మారిన ప్రతిచోటా ఆక్సీకరణమో క్షయకరణమో జరిగిందనుకోకూడదు.

మరొక సభ్యుడు:
చిన్న చేర్పు. ఇప్పటివరకు ప్రయోగంలో నిర్ధారణ అయిన అత్యధిక విలువ 2014లో ఇరీడియానికి తేలిన +9, అదీ వాయుస్థితిలోని ఒక అయానులో. అందుకే +10 చూడగానే ఆగడం మంచి అలవాటు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సార్. మరి సోడియం టెట్రాథయోనేట్‌లో గంధకానికి 2.5 వస్తోంది. అర ఎలక్ట్రాను ఎలా పోతుంది?

సమాధానం (అధ్యాపకుడు):
పోదు, అది సగటు. నాలుగు గంధకాల గొలుసులో మూడేసి ఆక్సిజన్లున్న కొసలవి రెండూ +5, నడుమనున్న రెండూ సున్నా. అయినా సమీకరణం తుల్యం చేయడానికి సగటు చాలు: హైపో (సోడియం థయోసల్ఫేట్) టెట్రాథయోనేట్‌గా మారే అయోడిన్ టైట్రేషన్‌లో నాలుగు గంధకాలు 2 నుంచి 2.5కు పెరిగితే మొత్తం రెండు ఎలక్ట్రాన్లు పోయినట్లు, అయోడిన్ అణువు తీసుకునేవీ సరిగ్గా రెండే. అయితే పొటాషియం సూపరాక్సైడులోని −1/2ను ఇలా విడదీయలేము. అక్కడి రెండు ఆక్సిజన్లూ అన్ని విధాలా సమానం, అదనపు ఎలక్ట్రాను ఆ రెండింటి ఉమ్మడి సొత్తు.